పేరు కొట్టమంటారా?

మాది పాలకొల్లు బజారులో స్టీలు సామాన్ల కొట్టు. నేను కాపరానికి వచ్చిన కొత్తలోనే మా మావగారు నన్ను వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టి, పేర్లు కొట్టే మిషను చేతికిచ్చారు. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని అందరికీ చెప్పేవారు. అసలు సంగతేమిటంటే, అంతకుముందు ఆ పని చేసే మనిషి జీతం పెంచమన్నాడు.

పెన్ను లాంటి ఆ మిషను కరెంటుకి తగిలిస్తే జుయ్‌మని వణుకుతుంది. దానితో బిందెల మీదా, కంచాల మీదా పేర్లు రాయాలి. వాడుకునేవాళ్ళ పేర్లు కాదు, పెట్టేవాళ్ళ పేర్లు. అందుచేత మనుషులు ఎందుకు ఇస్తారన్న విషయంలో నాకు పెద్ద భ్రమలు లేవు. అరచేతిలో పట్టే గిన్నె ఒకటి కొని, దాని మీద మొగుడూ పెళ్ళాల పేర్లు, ఇంటిపేరు, ఊరు, తేదీ, పైన ‘శుభాకాంక్షలతో’ అని కూడా రాయమనేవాళ్ళుంటారు. జాగా లేదండీ అంటే, అడుగున రాయమ్మా అంటారు. ఏ వస్తువు అమ్మినా చివర ‘పేరు కొట్టమంటారా?’ అని అడగడం నాకు ఊపిరి తీసినంత అలవాటైపోయింది.

మా కొట్లో కొన్నవాటికి పేరు ఉచితం. బయట కొని తెచ్చినవాటికి మాత్రం అక్షరానికి ఇంత అని తీసుకుంటాం. ఆ డబ్బులు కోడలివే అని మా అత్తగారు మొదట్లోనే మావగారి చేత ఒప్పించారు. మూత వంకరపోయి ఎవరూ కొనని డబ్బా ఒకటి ఉంటే అందులో వేసుకునేదాన్ని. నా గాజులు అరిగి సన్నబడిపోయాయి. అవి మార్పించుకోవాలని నా ఆశ.

ఇక మా పేట శివాలయం సంగతి చెప్పాలి. అందులో దాత పేరు లేని వస్తువు శివలింగం ఒక్కటే. ట్యూబులైట్లకి, గంటకి, హుండీకి, చెప్పుల స్టాండుకి కూడా పేర్లున్నాయి. మండపంలో ఫ్యాను రెక్కల మీద కూడా ఉంది. ఫ్యాను తిరుగుతుంటే ఆ పేరు కనబడదు కదా, అందుకని ఆ దాత దర్శనానికి వచ్చినప్పుడల్లా పూజారిగారు ఎంత ఉక్కలోనైనా ఫ్యాను ఆపేసేవారు.

ఎదురు వీధి రైసు మిల్లు ఆయన ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు చేయించాక మా మావగారికి అన్నం సయించలేదు. గుడి లోపలి గోడంతా గ్రానైటు పలకలు వేయిస్తానని కమిటీకి మాటిచ్చారు. దాని మీద చెక్కించే బోర్డు మాటలు మళ్ళీ మళ్ళీ మార్చి రాయించారు. తన పేరు, తండ్రిగారి పేరు, తాతగారి పేరు, కొట్టు పేరు అన్నీ పట్టాక చివర ‘ధర్మపత్ని సమేతంగా’ అని వచ్చింది. అత్తగారి పేరుకి చోటు చాల్లేదు. ఆవిడ ఆ కాగితం చదివి, “బాగుందండి” అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

గ్రానైటు లారీ దిగిన రెండు మూడు రోజులకి మాస్టారు మా కొట్టుకి వచ్చారు.

ఆయన్ని మా బజారులో ఎరగనివాళ్ళు లేరు. రాజమండ్రిలో ఏదో కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు కానీ ఉద్యోగం పర్మనెంటు కాలేదు. తరవాత మా ఊరొచ్చి రెండు గదులు అద్దెకి తీసుకుని, చుట్టుపక్కల గుళ్ళలో రాళ్ళ మీది పాత రాతలు చదువుకుంటూ ఉండేవారు. సంపాదన లేదు. ఆయన చేబదులు అడగని కొట్టు లేదు. తీర్చిన కొట్టు ఉందో లేదో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. ఆయన సైకిలు మలుపు తిరిగితే చాలు, వరసగా కొట్లవాళ్ళందరూ ఫోన్లు చెవులకి ఆనించుకునేవారు.

ఆ వేళ మా మావగారికి ఆ అవకాశం దొరకలేదు. ఫోను చార్జింగులో ఉంది.

“శెట్టిగారూ, మీతో చిన్న మాట,” అన్నారు మాస్టారు.

“ఇంకా బోణీ అవలేదండి మాస్టారూ. కూర్చోండి,” అన్నారు మావగారు.

బోణీ కాకుండా మా ఇళ్ళల్లో డబ్బు మాట ఎత్తరు. అవునని అనకూడదు, కాదని కూడా అనకూడదు. మాస్టారు స్టూలు మీద కూర్చున్నారు. మూఢం రోజులు, పెళ్ళిళ్ళు లేవు, బజారు ఈగలు తోలుకుంటోంది. ఎంతసేపు చూసినా ఒక్క బేరమూ రాలేదు. మావగారి మొహం వికసిస్తోంది. ఇలాగే మధ్యాహ్నం దాకా గడిస్తే మాస్టారు లేచి వెళ్ళిపోతారని ఆయన లెక్క.

మాస్టారు లేచారు కానీ వెళ్ళలేదు. జేబులు వెతుక్కుని చిల్లర తీసి, కొట్టు మొత్తం మీద అన్నిటికన్నా చవకైన చెంచా ఒకటి కొన్నారు.

“బోణీ అయింది కదండీ,” అన్నారు.

విరాళం అడగడానికి ఎదురు పెట్టుబడి పెట్టిన మనిషిని నేను అదే చూడడం. నవ్వు ఆపుకుని, “పేరు కొట్టమంటారా మాస్టారూ?” అన్నాను అలవాటుగా.

“ఎందుకమ్మా, చెంచాయేగా,” అన్నారు. మా కొట్లో ఉచితంగా వచ్చే పేరు వద్దన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

తరవాత విషయం చెప్పారు. మా గుడి గోడకి, ఉత్తరం వైపు, సున్నం పొరల కింద ఒక శాసనం ఉంది. ఎవరో ఎప్పుడో గుడికి ఇచ్చినదేదో చెక్కించుకున్న రాయి. ఇంతవరకు దాన్ని ఎవరూ చదవలేదు. మా గ్రానైటు పడితే ఇక ఎప్పటికీ చదవలేరు. సున్నం జాగ్రత్తగా గోకించి, తడి కాగితం రాతికి అద్ది, దాని మీద సిరా అద్దితే అక్షరాల అచ్చు దిగుతుంది. పై అధికారులకి ఉత్తరాలు రాస్తే వస్తామన్నారట, ఎప్పుడొస్తారో చెప్పలేదట. కాగితానికి, సిరాకి, కూలీలకి డబ్బు కావాలి.

“సెల్లుతో ఫోటో తీసుకోండి, ఖర్చుండదు,” అన్నారు మా ఆయన లెక్కల్లోంచి తల ఎత్తకుండా.

“ఫోటోలో సున్నమే వస్తుందండి,” అన్నారు మాస్టారు.

ఎంత కావాలో చెప్పారు. మావగారు పెదవి విరిచారు కానీ, కాదనలేదు. ఇక్కడ మాస్టారు ఆగి ఉంటే సగమైనా దొరికేది. ఆయన ఆగే మనిషి కాదు.

“దాచడమెందుకండీ, ఇందులో కొంత నా ఇంటి అద్దెకి కూడా పోతుంది. ఇల్లుగలాయన సామాను బయట పెడతానంటున్నాడు. పని అయ్యేదాకా ఊళ్ళో ఉండాలి కదండీ.”

మావగారి చెయ్యి గల్లాపెట్టె మీంచి వెనక్కి వచ్చేసింది. అబద్ధమాడి ఉంటే ఆయనకి అర్థమయ్యేది. ఆయన వ్యాపారమంతా దాని మీదే నడిచింది. గోడకని అడిగి అద్దెకని ఒప్పుకునే మనిషితో ఎలా బేరమాడాలో ఆయనకి తెలియలేదు.

“సరేగానీ మాస్టారూ, ఆ రాతి మీద మా వాళ్ళ పేరేమైనా ఉందాండి?” అన్నారు చివరికి.

ఉండొచ్చండి అంటే చాలు, డబ్బు అక్కడికక్కడే రాలేది. మా ఆయన కూడా లెక్కల్లోంచి తల ఎత్తి, ‘అనండి, అనండి’ అన్నట్టు కళ్ళతో సైగ చేశారు.

“చదివితే గానీ చెప్పలేనండి,” అన్నారు మాస్టారు.

ఊరుకోకుండా ఇంకో మాట కూడా అన్నారు. ఇలాంటి రాళ్ళ చివర సాధారణంగా ఒక మాట చెక్కి ఉంటుందట. తాను ఇచ్చినదానికంటే ఇంకొకరు ఇచ్చినదాన్ని కాపాడితే రెట్టింపు పుణ్యమని. మావగారు వేళ్ళ మీద లెక్కేసుకున్నారు. “అంటే, రేపు నా గ్రానైటుని ఎవడైనా తుడిచి కాపాడితే, వాడికి నాకంటే డబుల్ వస్తుందా?” అన్నారు. మాస్టారు అవునన్నారు. “ఇదేం న్యాయమండీ,” అని మావగారు ఫోను చార్జింగులోంచి తీసి చెవికి పెట్టుకున్నారు. అవతల ఎవరూ లేరు.

మాస్టారు చెంచా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం నాకు ఏ పేరూ సరిగా రాలేదు. మూఢం వెళ్ళాక జరిగే పెళ్ళికని ముందే కొన్న ఒక బిందె మీద, పెట్టేవాళ్ళ పేరులో అక్షరం తప్పు కొట్టి, దాన్ని పువ్వుగా మార్చాల్సి వచ్చింది. ఇవ్వాలా వద్దా అని నాలో నేనే పోట్లాడుకున్నాను. ఆయన మీద జాలేసిందని చెప్పలేను, నిజానికి ఒళ్ళు మండింది. ‘ఉండొచ్చు’ అన్న ఒక్క మాట అనలేని మనిషికి నా గాజులెందుకు అర్పించాలి? ఇస్తే అద్దెకే పోతుందేమో. ఆ రాయి మీద ఏ గొర్రెల లెక్కో తప్ప ఏమీ లేదేమో. ఇలా ఎన్ని అనుకున్నా, ఉచితంగా వచ్చే పేరు వద్దన్న ఆ చెంచా గుర్తొచ్చేది. పేర్ల కోసమే ఇచ్చే ఈ ఊళ్ళో నేనొక్కదాన్నీ పేరు లేకుండా ఇచ్చి చూపిస్తే ఎలా ఉంటుందా అనిపించింది. ఆ ఆలోచన రాగానే నా మీద నాకు మహా గౌరవం కలిగింది.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి వెళ్ళకూడదు. సోమవారం నుంచి గోడ పని మొదలు, ఆగడానికి లేదు. ఇలాంటి చిక్కులకి మా ఇళ్ళల్లో దారులుంటాయి. మాస్టారు గుడి దగ్గర కనబడితే, వంకర మూత డబ్బా ఆయనకి ఒక్క రూపాయికి అమ్మాను. అమ్మకంలో డబ్బు లోపలికే వచ్చింది గానీ బయటికి పోలేదు. డబ్బాలో ఏముందన్నది కొనుక్కున్నవాళ్ళ అదృష్టం.

ఆయన మూత తీసి చూసి, గబుక్కున మళ్ళీ మూసేశారు.

“నా పేరు మాత్రం ఎక్కడా రాకూడదండి మాస్టారూ. వద్దంటే వద్దు,” అన్నాను గట్టిగా. మావగారికి తెలిస్తే గొడవవుతుందన్నది ఒక కారణం. అలా అనడం నాకే ఎంతో బాగుండడం రెండో కారణం.

“అలాగేనమ్మా,” అన్నారు ఆయన.

ఆ సాయంత్రం నుంచే పని మొదలైంది. కూలీలు సున్నం గోకుతుంటే మాస్టారు పక్కన నిలబడి, పసిపిల్లకి తల దువ్వేవాళ్ళని హెచ్చరించినట్టు “మెల్లగా, మెల్లగా” అంటుండేవారు. కొలతలకని ముందే వచ్చిన గ్రానైటు మేస్త్రీ పలకల మీద కూర్చుని బీడీలు కాల్చుకుంటూ విసుక్కునేవాడు. పలకలు ఎండలో మెరుస్తున్నాయో లేదో చూసుకోవడానికి వచ్చిన మావగారు ఈ హడావిడి చూసి ఆగిపోయారు.

“ఎవరిచ్చారండీ డబ్బులు?”

“ఒక దాతండి. పేరు చెప్పొద్దన్నారు,” అన్నారు మాస్టారు.

మావగారు ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోలేదు. “పేరొద్దన్నాడట! పేరొద్దనేవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు? ఖచ్చితంగా ఆ మిల్లువాడే. ముందు పేరొద్దని, రేపు శాసనం బయటపడ్డాక పేపర్లో ఫోటో వేయించుకుంటాడు. నా గోడ మీద, నా గ్రానైటు పక్కన!” అని గది గదంతా తిరిగారు. నేను వంటింట్లో తలుపు వెనక పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. అత్తగారు నా వంక ఒకసారి చూసి, నా డబ్బా లేక బోసిపోయిన అలమర వంక ఒకసారి చూసి, మళ్ళీ చారు పోపులో పడ్డారు.

శనివారం పొద్దున్నే, బోణీ కూడా చూసుకోకుండా, మావగారు మాస్టారింటికి స్వయంగా వెళ్ళారు. ఆయన అడిగినదానికి రెట్టింపు ఇచ్చారు. అద్దె బాకీ అంతా తీరిపోయింది. సోమవారం మొదలవ్వాల్సిన గోడ పని ఆపించి, అచ్చు దిగేదాకా మేస్త్రీకి కూలి తానే ఇస్తానన్నారు. ఒకటే షరతు. రాసేదాంట్లో తన పేరు ముందు రావాలి, మిల్లువాడి పేరు తరవాత రావాలి. మాస్టారు, “మిల్లాయన పేరు రాదండి” అంటే, “చూశారా, భయపడ్డాడు” అన్నారట.

నేను చేసిన దానానికి అంత ఫలితం ఉంటుందని నేననుకోలేదు. నా చిన్న డబ్బాతో పని సగంలో ఆగిపోయేదే. మావగారి అసూయ దాన్ని ఒడ్డెక్కించింది.

అచ్చు దిగింది. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు. మాస్టారు ఆ కాగితాన్ని కొట్టుకి తెచ్చి బల్ల మీద పరిచి చదివారు. ఫలానా సెట్టి భార్య, తన పుణ్యం కోసం, ఈ స్వామికి రాత్రింబగళ్ళు ఆరకుండా వెలగడానికి దీపం పెట్టింది, దాని నెయ్యికి ఇన్ని ఆవుల్ని ఇచ్చింది.

“సెట్టి భార్యా! మా వాళ్ళేనేమో! ఆవిడ పేరేంటండి?” అన్నారు మావగారు.

మాస్టారు కాగితం మధ్యలో వేలు పెట్టారు. అక్కడ గుండ్రంగా తెల్లటి మచ్చ ఒకటుంది.

“పేరున్న చోట రాయి పగిలిందండి. ట్యూబులైటు బిగించడానికి మర కొట్టారు.”

అందరం ఒక్కసారే ఆలోచించాం. ఉత్తరం గోడ ట్యూబులైటు. దాని రేకు మీద ఎర్ర రంగుతో మా మావగారి నాన్నగారి పేరు. అది రాయించిన రోజు కథ మా ఇంట్లో ప్రతి కార్తీకమాసంలోనూ చెప్పుకుంటాం.

“మీ వాళ్ళ పేరు ఉందా అన్నారు కదండీ. ఉందండి,” అన్నారు మాస్టారు. వెటకారమో కాదో తెలియలేదు. ఆయనకి వెటకారం చేతకాదనే నా నమ్మకం.

మావగారు ఆ తెల్లమచ్చని వేలితో రుద్ది చూశారు. నాకు ఆయన మీద నిజంగా జాలేసింది. తరవాత గొంతు సవరించుకుని, “ఆవిడా దీపమే పెట్టింది. మా నాన్నా దీపమే పెట్టాడు. తప్పేంటి?” అన్నారు.

ఆ రాయిని గ్రానైటుతో మూయలేదు. కిటికీలాగా జాగా వదిలి, చుట్టూ ఇత్తడి పట్టీ వేయించి, పక్కన ‘ఈ శాసనమును కాపాడిన దాత’ అని మావగారు ఇంకో పలక చెక్కించారు. ఆయన లెక్క ప్రకారం రెట్టింపు పుణ్యం అక్కడుంది. ధర్మపత్ని సమేతంగానే. ఈసారి రాయి పెద్దదే గానీ, అలవాటు.

కొన్నాళ్ళకి మాస్టారు రాసిన వ్యాసం రాజమండ్రి నుంచి వచ్చే ఒక పత్రికలో పడింది. ఆయన స్వయంగా తెచ్చి ఇచ్చారు. మావగారు తన పేరున్న పేజీ మడత పెట్టి బజారంతా తిప్పడానికి వెళ్ళారు. మావగారు అటు వెళ్ళాక, మాస్టారి చేతిలోంచి ఇంకో ప్రతి నేను తీసుకున్నాను. శాసనం చదవలేదు. తిన్నగా చివరి పేజీకి వెళ్ళాను. మావగారి పేరు, ఆయన తండ్రిగారి పేరు, కొట్టు పేరు, పూజారిగారి పేరు, చివరికి బీడీల మేస్త్రీ పేరు కూడా ఉంది. ఆ కింద, ‘పేరు తెలుపుటకు ఇష్టపడని మరొక దాతకు కృతజ్ఞతలు.’

నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చినంత పనైంది.

“నా పేరేదండీ మాస్టారూ?”

“మీరు వద్దన్నారు కదమ్మా,” అన్నారు ఆయన తెల్లబోయి.

“వద్దంటే మానేస్తారా?”

మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టి వద్దు వద్దంటారు. ఆ చేతి మీంచే ఇంకో గరిటె వేస్తాం. వేయకపోతే ఆ ఇంట్లో మర్యాద లేదని ఊరంతా చెప్పుకుంటారు. ఇంతకాలం గోదావరి జిల్లాలో బతికి, రాతి మీద చెరిగిపోయిన అక్షరాలు కూడా చదివేవాడు, ఈ మాత్రం తెలుసుకోలేకపోయాడు. నిజానికి నేను ‘వద్దు’ అన్నప్పుడు నాకు కూడా తెలియదు. ఆ పేజీ చూశాకే తెలిసింది.

మాస్టారు చాలా బాధపడ్డారు. ఇంకేదైనా రాసినప్పుడు తప్పకుండా వేస్తానన్నారు. వెళుతూ వెళుతూ, పక్క ఊరి గుళ్ళో కూడా ఒక రాయి ఉందనీ, దానికి కొంత డబ్బు కావాలనీ అన్నారు. నేను మిషను ఆన్ చేశాను. ఆ చప్పుడులో నాకేమీ వినబడలేదు.

ఆయన వెళ్ళాక అరలోంచి కొత్త గరిటె ఒకటి తీసి, కాడ మీద నా పేరు రాశాను. పూర్తి పేరు, గుండ్రంగా, ఒక్క అక్షరం కూడా వంకరపోకుండా. ఇన్నేళ్ళలో నా పేరు నేను కొట్టుకోవడం అదే మొదలు. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పప్పులో వేశాను.

భోజనాల దగ్గర అత్తగారు ఆ గరిటె ఎత్తి వెలుతురులో పెట్టి చదివారు.

“ఇదెవరు పెట్టారే?”

“నేనే పెట్టానండి అత్తయ్యగారూ.”

“ఎవరికి?”

“ఇంటికేనండి.”

మన కొట్టు సామాను మనకే పెట్టుకుని, పైగా దాని మీద పేరొకటా అని తిడతారనుకున్నాను. ఆవిడ మాత్రం మగవాళ్ళకి పప్పు వడ్డించి వచ్చి, గరిటె కడిగి, పేరున్న వైపు పైకి వచ్చేలా మేకుకి తగిలించారు. కాసేపు చూసి, “రేపు నా పేరు కూడా ఒకదాని మీద కొట్టి తే,” అన్నారు.

“ఏ గరిటె మీదండీ?”

“పెద్దదాని మీద,” అన్నారు అత్తగారు.